కుప్పంలో నా అరగంట

డ్రైవరు ఉద్యోగం ఎంత సుఖమైనదో నాకు బస్సు తోలని జనం చెప్పినంతగా ఇంకెవరూ చెప్పలేదు. కూర్చుని చేసే పనట. కిటికీ పక్కన గాలి వస్తుందట. ఊళ్ళు చూడొచ్చట. హార్స్లీ హిల్స్ చూడడానికి కారేసుకుని వచ్చిన ఒకాయన, మదనపల్లెలో నా బస్సు తన కారుకు అడ్డం ఉందని దిగి వచ్చి, "మీకేం, జీతం తీసుకుని టూరు తిరుగుతున్నారు" అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని నా సీటు దగ్గరికి లాక్కొచ్చాను. "కుప్పం దాకా పొయ్యి రా సామీ, నేను నీ కారెత్తుకోని కొండకు పోతా" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. నిజంగానే అన్నాను ఆ మాట.

నాది అద్దె బస్సు. బస్సు ఓనరుది, రూటూ టికెట్టూ సర్కారువి. కండక్టరు సర్కారు మనిషి, డ్రైవరు ఓనరు మనిషి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే బస్సులో కలిసి చచ్చే ఇద్దరికి ఇద్దరు యజమానులు. జనానికి ఈ తేడా తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. తిట్టేటప్పుడు ఇద్దరినీ కలిపే తిడతారు. మా డిపో ఏ ఊళ్ళోదో, మా ఓనరు ఎవరో చెప్పను. చెబితే నాకు ఒరిగేదేమీ లేదు.

చీకటి ఉండగానే మదనపల్లెలో బస్సు తీయాలి. పుంగనూరు, పలమనేరు, వెంకటగిరికోట దాటి కుప్పం చేరేసరికి ఎండ ముదురుతుంది. అక్కడ అరగంట విశ్రాంతి. మళ్ళీ అదే దారిన వెనక్కి. మదనపల్లెలో ఇంత అన్నం తిని, పొద్దుగూకేదాకా పుంగనూరుకూ మదనపల్లెకూ మధ్య ట్రిప్పులు కొట్టాలి. మా ఊరు గుడుపల్లె పక్కన. కుప్పంలో దిగితే ఆటోలో పోగలిగినంత దూరం. అయినా నేను మదనపల్లెలో గది తీసుకుని ఉంటూ, వారానికి ఒక్కసారే ఇల్లు చూసేవాడిని. మా నాయన జీవితమంతా ఇతరుల చేలల్లో కూలికి పోయినవాడు. మా ఇంట్లోకి నెలజీతం తెచ్చిన మొదటి మనిషిని నేను. ఆ జీతం ఆగితే ఏమవుతుందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

కుప్పంలో ఆ అరగంట నా ప్రాణం. బస్సు ఒక పక్కకు తీసి, తలుపు మూసి, వెనక పొడుగు సీటు మీద పడుకుని, కళ్ళ మీద తువ్వాలు వేసుకుంటే, మరుక్షణం నేను ఈ లోకంలో లేను. అది మామూలు నిద్ర కాదు, రాయి నీళ్ళలో పడ్డట్టు పడిపోవడం. లేచాక మొహాన ఇన్ని నీళ్ళు కొట్టుకుంటే మదనపల్లె దాకా కళ్ళు గాజుగోళీల్లా ఉండేవి. ఆ నిద్ర లేని రోజు పలమనేరు దాటాక రోడ్డు మెత్తబడిపోయేది. ఎదురుగా వచ్చే లారీ ఎంత దూరంలో ఉందో అంచనాకు అందేది కాదు. డ్రైవింగు చేసినవాడికి ఇది చెప్పక్కర్లేదు. చెయ్యనివాడికి చెప్పినా ఎక్కదు.

ఆ అరగంటా ఊరికే దొరికేది కాదు. దానికోసం రోజూ యుద్ధమే. బస్సు కనబడితే చాలు, జనం వచ్చి తలుపు బాదుతారు. కిటికీల్లోంచి రుమాళ్ళు, సంచులు విసిరి సీట్లు పట్టుకుంటారు. ఒకసారి ఒక పెద్దమనిషి విసిరిన టమాటాల సంచి వచ్చి నా ఛాతీ మీద పడింది. లేచి ఆ సంచి అదే కిటికీలోంచి బయటకు విసిరాను. "టమాటాలప్పా, మనుషులు తినేటివి!" అని అరిచాడు. "నేనూ మనిషినేప్పా, పండుకోనుండేటోన్ని!" అని నేనూ అరిచాను. బస్టాండంతా చోద్యం చూసింది. ఆ తర్వాత కొన్ని రోజులు నన్ను ఎవరూ కదిలించలేదు. కోపిష్టివాడని పేరు పడడంలో ఉన్న లాభం అదే. నేను ఆ పేరు పోగొట్టుకోవడానికి ఎప్పుడూ ప్రయత్నించలేదు.

ఆ అరగంట మీద మా ఓనరు బామ్మర్ది కన్ను పడింది.

అతను పలమనేరుకూ పుంగనూరుకూ మధ్య, రోడ్డు పక్కన, కొత్తగా హోటలు పెట్టాడు. రంగు లైట్లు, గాజు తలుపులు, చెవులు చిల్లులు పడేలా పాటలు. హోటలయితే పెట్టాడు కానీ మనుషులు రావాలి కదా. మనుషులు ఎక్కడున్నారు? మా బస్సులో ఉన్నారు. ఎవరు ఎవరితో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, ఒకరోజు టైమింగులు మారిపోయాయి. కుప్పంలో జనం దిగి ఎక్కేంతసేపే ఆగాలట. విశ్రాంతి ఆ హోటలు దగ్గరట. ప్రయాణికుల సౌకర్యం కోసమట.

ఓనరుకు ఫోను చేశాను. ఆయన మెట్ట పొలాలున్న ఇంటి మనిషి. బోర్లు ఎండిపోయాక బస్సులు కొన్నాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. అదే నాకు ఇంకా మంట.

"టీ తాగుతావు, టిఫిను తింటావు, కూకుంటావు. అది రెస్టు కాదాప్పా?" అన్నాడు.

"కూకునేది రెస్టయితే నేను పొద్దున్నుంచీ రెస్టులోనే ఉండాను కదా అయ్యా" అన్నాను.

"నీతో మాట్లాడేది కష్టమప్పా" అని పెట్టేశాడు.

అప్పుడు నా బస్సులో కండక్టరు ఒకావిడ. నలభై దాటిన మనిషి. వెంకటగిరికోట వైపు ఊరు. కోపం వస్తే ఆమె తెలుగులో అరవం, కన్నడం కలిసిపోయేవి, ఆ మూడింటిలోనూ ఆమె తిట్టగలిగేది. టికెట్టు కొట్టించుకోకుండా దాక్కున్నవాడిని వాడి ఊపిరి వినే పట్టుకునేది. నాకూ ఆమెకూ మొదటినుంచీ అంతంతమాత్రమే. నేను బస్సు ముందే కదిలిస్తానని ఆమె, ఆమె చిల్లర కోసం ప్రతి ఊళ్ళోనూ బస్సు నిలబెడుతుందని నేను. అయినా ఈ విషయంలో ఆమె నా పక్క ఉంటుందనుకున్నాను. ఎంతైనా ఒకే బస్సు కదా.

"బాగా చేసినారు. ఇన్నాళ్ళకు ఒక మంచి పని చేసినారు" అంది.

నాకు తిక్క రేగింది. "ఏంది బాగుండేది? నా నిద్ర పాయె, నీకు బాగుండాదా?"

"ఆ హోటల్లో ఆడోళ్ళకు బాత్రూము ఉండాది. తలుపుకు గడియుండాది, నీళ్ళొస్తాండాయి. కుప్పం ఇడిస్తే మదనపల్లె దాకా నేను యాడికి పోవల్లప్పా?"

"పలమనేర్లో ఆగుతాము, పుంగనూర్లో ఆగుతాము..."

"ఆగుతాము! ఎంతసేపు? నేను కంట్రోలరు దగ్గిర సంతకం పెట్టించుకోని వచ్చేలోపల హారను కొట్టేది ఎవురు? నువ్వు కాదా? నీకేమప్పా, చెట్టు కనపడితే బస్సు నిలబెట్టి దిగిపోతావు. నేను పొద్దున్నుంచీ గుక్క నీళ్ళు తాగకుండా టికెట్లు కొడతాండాను. నెలలో ఆ నాలుగు దినాలూ నా బతుకు ఎట్లుంటాదో నీకు తెలుసునా?"

నాకు కోపమే వచ్చింది.

"నాకు చెప్తే నేనేం చేసేది? నీకు జీతమిచ్చేది సర్కారు. పొయ్యి సర్కారును అడుగు."

"నువ్వూ పొయ్యి మీ ఓనరు కాళ్ళు పట్టుకో. నా దగ్గిరికి యాల వచ్చినావు?"

ఆ రోజు నుంచి మా ఇద్దరి మధ్యా మిగిలిన మాటలు రెండే: రైట్, హోల్డాన్. అవి కూడా ఆమె నా వైపు చూడకుండానే అనేది. ఆలోచిస్తే ఎవరికైనా తెలిసిపోయే సంగతి ఒకటే. ఇద్దరి మధ్య ఒకే ఒక్క అరగంట పడేసి, మీలో మీరు కొట్టుకోండని వదిలేశారు. మేం నిజంగానే కొట్టుకున్నాం. దానికంటే సిగ్గుచేటు ఇంకొకటి లేదు. కానీ ఆ సిగ్గు మా ఇద్దరిదే కాదు.

ఇక ఆ హోటలు సంగతి. దారి పక్క హోటళ్ళలో ఒక ఆనవాయితీ ఉంది. బస్సు ఆపిన డ్రైవరుకూ కండక్టరుకూ తిండి ఊరికే పెడతారు. మామూలుగా అయితే లోపల ఎక్కడో వంటింటి పక్క ఒక మూల కూర్చోబెట్టి పెడతారు. ఈ బామ్మర్ది తెలివైనవాడు. డ్రైవరు తినే చోట తిండి బాగుంటుందని జనానికి ఒక నమ్మకం కదా! అందుకని నన్ను గాజు తలుపు పక్కనే, రోడ్డు మీదికి కనబడేలా కూర్చోబెట్టాలని చూశాడు. అంటే నేను అక్కడ మనిషిని కాదు, బోర్డును. రెండు రోజులు కూర్చున్నాను. ఆ సాంబారుకూ, బస్సు కడిగిన నీళ్ళకూ తేడా కనిపెట్టడం కష్టం. మూడో రోజు నుంచి నా బాక్సు నేను తెచ్చుకున్నాను. గదిలో నేనే వండుకునే సంగటి, ఊరిబిండి పచ్చడి. బస్సు మెట్టు మీద కూర్చుని తినేవాడిని.

ఒక ప్రయాణికుడు నా చేతిలో సంగటి ముద్ద వైపూ హోటలు వైపూ చూశాడు.

"ఏమన్నా, నువ్వు ఆడ తినవా?"

"నాకు పెండ్లాం బిడ్లు ఉండారప్పా. ఇంగా కొన్నాళ్ళు బతకల్ల" అన్నాను.

అతను పోయి టీ మాత్రమే తాగి వచ్చాడు. ఆ మాట బస్సంతా పాకింది. మరుసటి రోజు నుంచి సగం మంది బస్సు దిగడం మానేశారు. బామ్మర్ది చిందులు తొక్కుతూ వచ్చాడు.

"నువ్వు తినకపోతే మానుకోప్పా. ఆ బాక్సు మాత్రం ఈడ తెరవద్దు. హోటలు ముందర కూకోని సంగటి తింటాంటే ఎవుడొస్తాడు లోపలికి?"

"అట్లయితే నన్ను పండుకోనీ. మీ హోటలెనక నులకమంచం ఉండాది కదా, ఆడ పండుకుంటా. బాక్సు తెరవను."

"తినేసి పండుకో."

"తింటే పండుకునేదానికి టైమేదీ?"

"అట్లయితే తిను."

వాడితో మాట్లాడడం కన్నా ఆ నులకమంచంతో మాట్లాడడం నయం. పోనీ బస్సులోనే పడుకుందామంటే, దిగనివాళ్ళంతా లోపలే ఉంటారు. పిల్లల ఏడుపులు, ఫోన్లలో వీడియోలు, వాటికి తోడు హోటలు పాటలు. నేను వెనక సీటుకు పోయి "కాస్త జరగండి, పండుకుంటా" అంటే, "మేము టికెట్టు తీసినాము, నువ్వు తీసినావా?" అన్నాడొకడు. నెలల తరబడి నాకు పగటిపూట కన్ను మూతపడలేదు. రాత్రి గదికి చేరి, వండుకుని, పడుకుని, మళ్ళీ చీకట్లోనే లేవడం. కళ్ళ కింద సంచులు వేలాడేవి. ఓనరుకు మళ్ళీ చెప్పాను. ఆయన మళ్ళీ మెల్లగా, మర్యాదగా వినిపించుకోలేదు.

ఎండలు మొదలైన రోజుల్లో జరిగింది. హోటలు దగ్గర్నుంచి కదిలి కొంతదూరం వచ్చాం. పుంగనూరు ఇంకా రాలేదు. బస్సు నిండా జనం. నాకు గుర్తున్నది ఇంతే: రోడ్డు మీద తెల్లగీత ఒకటి రెండయింది. ఆ తర్వాత ఏమీ లేదు. తర్వాత చక్రాల కింద రాళ్ళు టకటకమన్న చప్పుడు. కళ్ళు తెరిచేసరికి ఎడమ చక్రాలు మట్టిలో ఉన్నాయి, ఎదురుగా టమాటా పెట్టెలతో ఒక ఆటో నిలిచి ఉంది, పెట్టెల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. అతని మొహం నాకు ఇప్పటికీ కనబడుతుంది. నా కాలు బ్రేకు మీదికి ఎలా పోయిందో దేవుడికి తెలుసు. బస్సు ఆగింది. ఆటోకు తగల్లేదు. వెనక నిలబడినవాళ్ళు ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు.

పుంగనూరు దగ్గర్లోనే ఉంది, మెల్లగా పోతే పోవచ్చు. కానీ రెప్పలు మళ్ళీ వాలుతున్నాయి. అంత భయంలోనూ! చావు ఎదురుగా వచ్చి పోయినా నాకు నిద్రమత్తు వదల్లేదు. అప్పుడు నిశ్చయించుకున్నాను. బస్సును రోడ్డు పక్కకు తీసి, తాళం చెవి జేబులో వేసుకుని దిగాను.

"యాడికప్పా?" అన్నారు ఎవరో.

"పండుకుంటా. నిద్రొస్తాండాది. కాసేపు పండుకుని లేస్తా. అప్పుడు పోదాం."

రోడ్డు పక్క కానుగ చెట్టు కింద తువ్వాలు పరిచి పడుకున్నాను. తాగినాడురా అన్న కేక వినబడింది. కొట్టండిరా అన్నదీ వినబడింది. తర్వాత ఏమీ వినబడలేదు. అంతమంది నా చుట్టూ నిలబడి అమ్మనా బూతులు తిడుతుంటే నేను హాయిగా నిద్రపోయాను. జీవితంలో అంత మంచి నిద్ర ఇంకెప్పుడూ పోలేదు.

నేను నిద్రపోతుండగా ఏం జరిగిందో తర్వాత చూశాను. ఎవడో తీసిన వీడియో ఊళ్ళన్నీ తిరిగి నా ఫోనులోకీ వచ్చింది. ముందు కండక్టరమ్మ నన్నే తిట్టింది, లెయ్యప్పా, నీ కండ్లు మూతపడ, ఏం పని ఇది అని. నేను కదల్లేదు. అప్పుడు ఇద్దరు మగవాళ్ళు నా కాళ్ళు పట్టుకుని లాగడానికి వచ్చారు. ఆమె మధ్యలోకి వచ్చి టికెట్ల మిషను పైకెత్తింది.

"తాకితే తలకాయ పగులుతాది. మీలో ఎవురికన్నా బస్సు తోలేది వస్తే తోలుకోని పోండి. రాకుంటే గమ్మున నీడకు కూకోండి."

ఎవరికీ రాదు. కూర్చున్నారు.

నేను లేచి బస్సును మదనపల్లె చేర్చాను. ఆ సాయంత్రమే నన్ను డ్యూటీకి రావద్దన్నారు. మరుసటి రోజు ఓనరు నన్ను ఇంటికి పిలిచి, కుర్చీ వేసి, కాఫీ ఇప్పించాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"తాగినానని ఒప్పుకోప్పా" అన్నాడు.

"పొద్దున డ్యూటీ ఎక్కేటప్పుడు గొట్టంలో ఊదినాను కదయ్యా. ఏమీ రాలేదు."

"దోవలో తాగినావు. మా బామ్మర్ది సూసినానంటాండాడు. సూడప్పా, తాగుడంటే ఒక్కని మీద పోతాది. నిద్రంటే అందరి మీదికీ వస్తాది. టైమింగు యాల మార్చినారు, ఎవురు మార్చినారు, ఇవన్నీ యాలప్పా మనకు? కొన్నాళ్ళు ఇంట్లో ఉండు. నేనే మళ్ళీ పిలుస్తా."

నా లైసెన్సు ఏమవుతుంది? బస్సు నిండా జనాన్ని పెట్టుకుని తాగి తోలినవాడికి ఈ జిల్లాలో ఎవరు స్టీరింగు ఇస్తారు? నేను ఎలాంటివాడినైనా కావచ్చు, కానీ చుక్క ముట్టను. మా నాయన కూలి డబ్బులు ఎక్కడికి పోయేవో చూసి పెరిగినవాడిని. నా పిల్లలు నన్ను తాగుబోతని వినాలా, ఇతగాడి బామ్మర్ది ఇడ్లీలు అమ్ముకోవడం కోసం? కాఫీ గ్లాసు అలాగే నేల మీద పెట్టి లేచాను.

"నేను తాగలేదు. నన్ను నిద్రపోనియ్యకుండా చేసింది మీరు. ఎవురడిగినా ఇదే చెప్తా."

"నీ మాట ఎవురు నమ్ముతారప్పా?" అన్నాడు, మెల్లగానే.

అది నిజం. వీడియోలో నేను చెట్టు కింద పడి ఉన్నాను. చూసిన ప్రతివాడూ తాగుబోతనే అనుకున్నాడు. మా ఆవిడ అన్నదమ్ములు కూడా ఫోను చేసి, "నిజం చెప్పు బావా" అన్నారు. ఇక మిగిలింది ఒక్క మనిషి. పొద్దున్నుంచీ నాకు నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి. ఆ మనిషికి నేనంటే గిట్టదు. నేను తాగుబోతునైతే విశ్రాంతి హోటలు దగ్గరే ఉంటుంది. నాది నిద్రయితే అది కుప్పానికి పోతుంది, ఆమె బాత్రూమూ పోతుంది. ఆమె స్థానంలో నేనుంటే ఏం చెప్పేవాడినో అని ఆలోచించాను. వచ్చిన జవాబు నాకు నచ్చలేదు.

డిపోవాళ్ళు విచారణ పెట్టారు. ఆ రోజు గదిలో ఒక అధికారి, ఓనరు, బామ్మర్ది, నేను, ఆమె. బామ్మర్ది ముందు మాట్లాడాడు. హోటలు వెనక నేను సీసా ఎత్తి తాగుతుంటే కళ్ళారా చూశాడట. నేను కుర్చీలోంచి లేచాను. కూర్చోమన్నారు. కూర్చున్నాను, పళ్ళు కొరుకుతూ.

"మీరు చెప్పండమ్మా. తాగి ఉన్నాడా?" అన్నాడు అధికారి.

ఆమె నా వైపు చూడలేదు. గోడతో చెప్పినట్టు చెప్పింది.

"ఈయప్పకూ నాకూ పడదు సార్. ఈ మనిషి మొహం సూస్తే నాకు పొద్దున్నే వొళ్ళు మండుతాది. మొన్న ఓనరు మా ఇంటికొచ్చినాడు. తాగినాడని చెప్పమ్మా, హోటలు కాడ ఆగేది అట్లే ఉంటాది, నీకూ బాగుంటాది అన్నాడు. నిజమే సార్, నాకు బాగుంటాది. ఆడొక్క తావే నేను దిగగలిగేది. కానీ ఈయప్ప తాగలేదు. హోటలెనక్కి పోనేలేదు, బస్సు మెట్టు మీద కూకోని సంగటి తిన్న్యాడు. నిద్రొచ్చింది, పండుకున్న్యాడు. అంతే సార్."

ఓనరు మొదటిసారి గొంతు పెంచాడు. "ఏమమ్మా, నేనెప్పుడొచ్చినాను?"

"వచ్చి మజ్జిగ తాగి పొయినావు కదయ్యా. ఇంట్లో నలుగురు సూసినారు" అంది.

బయటికి వచ్చాక ఆమె వెనక పోయాను. ఏదో ఒకటి అనాలి కదా. నోరు తెరిచేలోపలే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా దగ్గిరికి రావద్దు. నీ కోసం చెప్పలేదు. నువ్వు నిద్రలో తోలుకోని పోతే ఆ బస్సులో నేనూ ఉంటాను. నాకూ బిడ్లుండారు."

టైమింగులు మారాయి. విశ్రాంతి కుప్పానికి వచ్చింది. హోటలు దగ్గర ఆగడం తీసేశారు. ఓనరు నన్ను మళ్ళీ పిలిచాడు, నా మీద ప్రేమతో కాదు. తోలడం వచ్చినవాళ్ళంతా బెంగుళూరు పోయి కార్లు తోలుకుంటున్నారు, ఆయనకు మనిషి దొరకలేదు. నేను గెలిచాను. వెనక సీటు మీద తువ్వాలు కప్పుకుని నా అరగంట నేను పడుకున్నాను. ఆ బస్సులోనే ఆమె మళ్ళీ టికెట్లు కొట్టింది.

కొన్ని వారాలు గడిచాయి. ఒకరోజు కుప్పంలో కదిలినప్పటి నుంచీ ఆమె తీరు తేడాగా ఉంది. వెంకటగిరికోటలో ఎవరో చిల్లర అడిగితే మామూలుగా రావాల్సిన తిట్టు రాలేదు. పలమనేరులో కంట్రోలరు దగ్గరికి పరిగెత్తి వచ్చి, జనాన్ని తోసుకుని ఎక్కి, తన సీట్లో ముందుకు వంగి కూర్చుంది. అద్దంలో కనబడింది, పెదాలు బిగపట్టి, కడుపు మీద చెయ్యి పెట్టుకుని. రైట్ అన్న మాట కూడా సరిగ్గా బయటికి రాలేదు. హారను కొట్టబోయిన నా చెయ్యి ఆగింది. నాకు కోపం తలకెక్కింది. ఇంతమంది కలిసి ఒక బస్సు నడుపుతారు, టైమింగులు రాస్తారు, విచారణలు చేస్తారు, ఒక మనిషి ఒంటికి వెళ్ళే చోటు మాత్రం ఎవరి లెక్కలోనూ లేదు!

హోటలు కనబడగానే బ్రేకు వేశాను.

"ఈడ ఆపేది తీసేసినారు కదా, యాలప్పా ఆపినావు?" వెనకనుంచి ఎవరో అరిచారు.

"ఆపినాను. ఆడోళ్ళు ఎవురన్నా దిగల్లంటే దిగండి. కాసేపు నిలబెడతా."

ఆమె అద్దంలోంచి నా వైపు చూసింది. లేవలేదు. బస్సులో ఎవరూ లేవలేదు. అప్పుడు ముందు సీట్లో ఒక ముసలమ్మ, "నిజంగా దిగొచ్చునా నాయనా?" అంది. "దిగమ్మా" అన్నాను. ఆమె లేచింది. చంకలో బిడ్డతో ఒకామె లేచింది. బట్టల షాపులో పనిచేసే అమ్మాయిలు ఇద్దరు లేచారు. ఆ తర్వాత సగం బస్సు లేచింది. ఇన్నేళ్ళూ వీళ్ళంతా నా వెనక సీట్లలో బిగబట్టుకుని కూర్చున్నారా? ఒక్కరూ నోరు తెరిచి అడగలేదే! అడిగి ఉంటే మాత్రం ఏమనేవాడినో నాకు తెలుసు.

బామ్మర్ది గాజు తలుపుకు అడ్డం నిలబడ్డాడు. "తినేటోళ్ళకే బాత్రూము. మీ బస్సుకు ఈడ పర్మిషను లేదు."

నేను దిగి వాడి దగ్గరికి పోతున్నాను. వాడి మాడు పగలగొట్టాలన్నంత కోపం. కానీ నా అవసరం రాలేదు. కండక్టరమ్మ ఆ ఆడవాళ్ళందరి ముందుకూ వచ్చింది.

"తప్పుకుంటావా, ఈ వాకిట్లోనే కూకోమంటావా అందరినీ?"

వాడు వరసగా నిలబడిన ఆడవాళ్ళను ఒకసారి చూశాడు. లోపల తింటున్నవాళ్ళను ఒకసారి చూశాడు. తప్పుకున్నాడు.

బస్సులో మగవాళ్ళు గొడవ మొదలుపెట్టారు. లేటవుతాండాదని ఒకడు, కంప్లైంటిస్తానని ఒకడు. "ఇచ్చుకోండి. నా పేరు రాసివ్వల్లనా?" అన్నాను. తలుపు దగ్గరే నిలబడ్డాను, ఒక్కడినీ స్టీరింగు వైపు రానివ్వకుండా.

అందరికన్నా చివర ఆమె వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి ఆగింది.

"ఈ లేటు మదనపల్లెలో నీ అన్నం టైములోంచి పోతాదప్పా. తెలుసునా?"

"తెలుసు."

"రేపు?"

"రేపూ ఆపుతా. ఎక్కు."

ఎక్కింది. రైట్ అంది.

మదనపల్లె చేరేసరికి పుంగనూరు ట్రిప్పుకు టైమయిపోయింది. కింద దిగకుండానే బస్సు మళ్ళీ తీశాను. ఖాళీ కడుపుతో పుంగనూరు దాకా నాకు తెలిసిన తిట్లన్నీ తిట్టాను. ఓనరును తిట్టాను, వాడి బామ్మర్దిని తిట్టాను, టైమింగులు రాసినవాడిని, కంప్లైంటిస్తానన్నవాడిని తిట్టాను. ఆమెను తిట్టలేదు.